సూపర్‌స్టార్ కృష్ణ గారు ఇక లేరు – ఆయన సినిమాలతో మీకున్న జ్ఞాపకాలు ఇక్కడ రాయండి

నేలటికెట్_నాని (15 నవంబర్ 2022, ఉదయం)
ఈ పాటికి అందరికీ తెలిసే ఉంటుంది. నిన్న తెల్లారుజామున గుండె ఆగి హాస్పిటల్లో చేర్చారు, ఇవ్వాళ తెల్లారుజామున పోయారు. 79 ఏళ్ళు. ఆ ఇంట్లో ఈ ఒక్క ఏడాదిలో ఇది మూడోది, జనవరిలో రమేష్ బాబు, సెప్టెంబర్ ఆఖర్లో ఇందిరాదేవి గారు, ఇప్పుడు ఈయన. మహేష్ ని టీవీలో చూడలేకపోతున్నాను బాబోయ్.
ఓం శాంతి అని రెండు ముక్కలు రాసి వెళ్ళేవాళ్ళకి సంతాపాల థ్రెడ్ వేరే ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ సినిమాల గురించి మాట్లాడుకుందాం. ఏ సినిమా ఎక్కడ చూశారు, ఏం నచ్చింది, నచ్చకపోతే అది కూడా రాయండి. పోయినాయన గురించి అబద్ధాలు రాయాల్సిన పని లేదు, బతికుండగా ఆయనే ఎప్పుడూ నేను మహానటుణ్ణి అని చెప్పుకోలేదు.

బుర్రిపాలెం_పక్కూరోణ్ణి
మాది తెనాలి వైపే. మా నాన్న వాళ్ళ తరంలో బుర్రిపాలెం అంటే చాలు, ఏ ఊరెళ్ళినా "ఓ మీరు కృష్ణ గారి తాలూకానా" అని కుర్చీ వేసేవాళ్ళంట. ఆయన ఏలూరు సీఆర్ రెడ్డి కాలేజీలో బీఎస్సీ చదివేటప్పుడు అక్కినేని గారికి అక్కడ సన్మానం చేశారు, ఆ జనాన్ని చూసి హీరో అయితే ఇలా ఉంటుందా అనుకున్నాడంట. మురళీమోహన్ గారు అదే కాలేజీ, క్లాస్‌మేటే. తర్వాత అదే ఏలూరు నుంచి 89 లో కాంగ్రెస్ ఎంపీ అయ్యాడు, 91 లో ఓడిపోయాడు, ఇంక రాజకీయం జోలికి పెద్దగా పోలేదు. పోకపోవడమే మంచిదయింది లెండి.

ఎన్టీవోడి_తాలూకా
నాని తమ్ముడూ, నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నా, ఈ రోజు తిట్టుకోకండి. నేను పెద్దాయన ఎన్టీఆర్ అభిమానిని, కృష్ణ అంటే చిన్నప్పుడు మాకు పడేది కాదు. 77 సంక్రాంతికి ఒకే రోజు దానవీరశూరకర్ణ, కురుక్షేత్రం రెండూ దిగినయ్. మా ఊళ్ళో రెండు హాళ్ళు, మధ్యలో ఒకే రోడ్డు, మూడు రోజులు ఆ రోడ్డు మీద మేము చెయ్యని గొడవ లేదు. గెలిచింది ఎవరో అందరికీ తెలుసు, అది ఇప్పుడు ఎందుకులే. కానీ నటుడిగా చూస్తే కృష్ణ గారు యావరేజ్, డాన్సు గురించి అయితే నేను మాట్లాడను. మరి ఈ మనిషి ఇంతమంది మహామహుల మధ్య 350 సినిమాలు ఎలా చేశాడు, నలభై ఏళ్ళు ఎలా నిలబడ్డాడు అని నాకు ఇప్పటికీ డౌటే. ఎవరైనా చెప్పండి. వెటకారం కాదు.

కొత్తకుర్రోడు_99
బాబాయ్ ఈ రోజు కూడానా 😡

నేలటికెట్_నాని
ఉండు తమ్ముడూ, ఆయన అడిగింది సరైన ప్రశ్నే. నా మటుకు నాకు జవాబు ఒకటే, తెగింపు. నటనలో కాదు, సినిమా తియ్యడంలో. అగ్నిపరీక్ష అని 70 లో సొంత బ్యానర్ పద్మాలయా మీద మొదటి సినిమా తీశాడు, పోయింది. మామూలు మనిషైతే ఆ దెబ్బకి ఒక కుటుంబకథా చిత్రం తీసుకుని సేఫ్ గా ఒడ్డున పడతాడు. ఈయన ఏం చేశాడు, మోసగాళ్లకు మోసగాడు అని తెలుగోళ్ళు కలలో కూడా అనుకోని కౌబాయ్ సినిమా తీశాడు, యూనిట్ మొత్తాన్ని రైలెక్కించి రాజస్థాన్ ఎడారికి పట్టుకెళ్ళాడు. 1971 లో! ఆరుద్ర గారు కథ రాస్తే కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్. తలకి టోపీ, నడుముకి తుపాకీ, గుర్రం, ఇవన్నీ ఇంగ్లీషు సినిమాలో ఉంటే చూసే మనోళ్ళు తెలుగులో చూస్తారా అని ఎవడికీ నమ్మకం లేదు. చూశారు. ఇంగ్లీషులోకి కూడా ట్రెజర్ హంట్ అని డబ్ చేశారు.

సుజాత_కూకట్‌పల్లి
మీ మగాళ్ళందరికీ గుర్రాలు తుపాకులే గుర్తొస్తాయి. నేను సాక్షి గురించి రాస్తాను. 1967, బాపు గారి మొదటి సినిమా, ముళ్ళపూడి వారి రచన. గోదారి పక్కన పులిదిండి అనే ఊళ్ళో తీశారు, సెట్టింగుల్లేవు, ఆ ఊరి ఇళ్ళు, ఆ ఊరి రేవు. అందులో కృష్ణ బల్లకట్టు నడిపే అమాయకుడు. హత్య చూస్తాడు, కోర్టులో సాక్ష్యం చెప్తాడు, ఆ హంతకుడు బయటికొచ్చి నిన్ను చంపుతానంటే అప్పటిదాకా భుజం తట్టిన ఊరంతా తలుపులేసుకుంటుంది. అమ్మ కడుపు చల్లగా పాట అందులోదే, మెడలో తాళి కట్టాక వస్తుంది, పెళ్ళి పాట లాగా ఉండదు, రేపు ఈ మనిషి ఉంటాడో ఉండడో అన్న భయం ఉంటుంది అందులో. ఆ పాటలో కృష్ణ మొహం చూడండి ఒకసారి. ఏమీ చెయ్యడు. కళ్ళు ఇటూ అటూ తిప్పుతాడు, విజయనిర్మల వైపు చూడలేక చూస్తాడు, అంతే. యావరేజ్ నటుడు అన్న వాళ్ళు ఆ సినిమా చూసి వచ్చి అప్పుడు మాట్లాడాలి అని నా మనవి.
ఆ గుళ్ళో షూటింగప్పుడే రాజబాబు "ఇక్కడ పెళ్ళయితే నిజంగానే అయిపోద్ది" అని ఏడిపించాడని చెప్తుంటారు. రెండేళ్ళకి నిజంగానే చేసుకున్నారు కదా.

ఎన్టీవోడి_తాలూకా
సుజాత గారూ, సాక్షి నేను చూశానండీ, అది బాపు గారి గొప్పతనం. బాపు గారు రాయిని కూడా నటింపచేస్తారు.

సుజాత_కూకట్‌పల్లి
అలా అయితే మీ పెద్దాయన గొప్పతనం అంతా డైరెక్టర్ కె.వి. రెడ్డి గారిదే అని నేనూ అనొచ్చు అన్నగారూ 😀

రీలుపెట్టె
నేను సినిమాలు సీట్లో కూర్చుని చూసింది తక్కువ, క్యాబిన్ లో కన్నంలోంచి చూసింది ఎక్కువ. మా మేనమామ తూర్పుగోదావరిలో ఒక హాల్లో ఆపరేటరు, నేను స్కూల్ అయ్యాక వెళ్ళి రీళ్ళు చుట్టేవాణ్ణి. అల్లూరి సీతారామరాజు 74 మే 1 న రిలీజ్, మా ఊరు వచ్చేసరికి కొన్నాళ్ళు పట్టింది, అది తెలుగులో మొదటి సినిమాస్కోప్. మా హాల్లో ఆ లెన్సే లేదు, ఓనరు గారు అద్దెకి తెప్పించారు. స్కోప్ సినిమా అంటే ఫిల్మ్ మీద బొమ్మ పక్కల నుంచి నొక్కేసి ఉంటుంది, చేత్తో పట్టుకుని లైటుకి అడ్డం పెట్టి చూస్తే కృష్ణ గారు వెదురుబద్ద లాగా సన్నగా పొడుగ్గా కనపడతాడు. ఆ లెన్సు మామూలు లెన్సు ముందు బిగిస్తే తెర మీద మళ్ళీ వెడల్పుగా విచ్చుకుంటుంది. పాత తెర సరిపోలేదు, రెండు పక్కలా కొత్త గుడ్డ కుట్టించి అతికించారు, ఆ కుట్టు గీతలు ముందు బెంచీ వాళ్ళకి కనపడేవి, ఎవరూ పట్టించుకోలేదు.
అప్పట్లో సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీలు కచ్చితంగా వెయ్యాలి. అది మామూలు సైజు, తెర మధ్యలో చిన్న చదరం లాగా పడేది. వరదలు, మంత్రి గారి శంకుస్థాపన, అందరూ బఠాణీలు తింటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అది అయిపోగానే మామ రెండో మిషను దగ్గరికి పరిగెత్తేవాడు, దానికి స్కోప్ లెన్సు బిగించి ఉండేది, షట్టర్ ఎత్తేవాడు. ఒక్కసారిగా ఆ గోడ నించి ఈ గోడ దాకా బొమ్మ. హాలు మొత్తం "హో" అని ఒక అరుపు, టైటిల్స్ కూడా పడకముందే. కృష్ణ గారు ఇంకా కనపడలేదు, అరుపు మాత్రం పడింది. ఎన్టీవోడి అన్నా, నువ్వడిగిన దానికి నాకు తెలిసిన జవాబు అది. జనానికి కొత్తది ఏదో ఒకటి చూపించేవాడు, ఈసారి ఏం చేస్తాడో చూద్దాం అని వెళ్ళేవాళ్ళు.

న్యూజెర్సీ_చిట్టిబాబు
రీలుపెట్టె గారూ ఇలాంటివి ఇంకా రాయండి ప్లీజ్. కార్బన్ కడ్డీల గురించి కూడా రాయండి, మా పిల్లలకి చెప్తే నమ్మట్లేదు సినిమా నిప్పుతో నడిచేదంటే.

రీలుపెట్టె
నిప్పే బాబూ. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటు ఇస్తే మధ్యలో మంట పుడుతుంది, వెల్డింగు లాగా, ఆ వెలుతురే తెర మీద పడేది. కడ్డీ కాలిపోతున్న కొద్దీ మధ్యలో ఖాళీ పెరుగుద్ది, చేత్తో మర తిప్పుతూ దగ్గరికి జరపాలి. ఆపరేటరు సినిమాలో లీనమయ్యాడా, తెర పచ్చబడి మసకైపోద్ది, కింద నుంచి బూతులు. స్కోప్ సినిమాకి బొమ్మ పెద్దది కాబట్టి వెలుతురు ఇంకా ఎక్కువ కావాలి. అల్లూరి చివరి రీలు, రూథర్‌ఫర్డ్ గా జగ్గయ్య గారు, తుపాకులు గురిపెట్టే సీను, అక్కడ మామ ప్రతి ఆటకీ మర తిప్పడం మర్చిపోయేవాడు, తెర మసకబారేది. జనం అది కూడా సినిమాలో భాగమే అనుకున్నారు, ఒక్కడూ అరవలేదు.

పాటల_పెట్టి
అల్లూరి వచ్చింది కాబట్టి. తెలుగు వీర లేవరా, శ్రీశ్రీ రాసింది, ఆ పాటకి జాతీయ అవార్డు వచ్చింది, తెలుగు సినిమా పాటకి జాతీయ అవార్డు రావడం అదే మొదలు. పాడింది ఘంటసాల గారు. ఆయన ఫిబ్రవరి 74 లో పోయారు, సినిమా వచ్చింది మేలో, అంటే ఆ పాట హాల్లో మోగేటప్పటికి ఆయన లేరు. సంగీతం ఆదినారాయణరావు గారు. వస్తాడు నా రాజు ఈ రోజు, సినారె రాసింది, సుశీలమ్మ పాడింది. ఒకే సినిమాలో శ్రీశ్రీనీ సినారెనీ పెట్టి ఇద్దరి చేతా వాళ్ళ వాళ్ళ బెస్ట్ రాయించుకోవడం అంటే ప్రొడ్యూసర్ కి చెవి ఉండాలి. కృష్ణ గారికి పాటల మీద టేస్ట్ లేదు అనేవాళ్ళకి ఇది నా రిప్లై.
ఇంకోటి, డైరెక్టర్ వి. రామచంద్రరావు గారు షూటింగ్ మధ్యలోనే చనిపోయారు. మిగతాది కృష్ణ గారే చూసుకున్నారు, ఫైట్లు దాస్ గారు తీశారు, టైటిల్స్ లో మాత్రం డైరెక్టర్ గా రామచంద్రరావు గారి పేరే ఉంచారు. ఈ రోజుల్లో అయితే పేరు కోసం కోర్టుకెళ్తారు.

ఎన్టీవోడి_తాలూకా
అల్లూరి విషయంలో నేను నోరెత్తను. మా పెద్దాయనకి కూడా ఆ పాత్ర చెయ్యాలని ఎంతో ఉండేది, కుదరలేదు. కృష్ణ కెరీర్ లో నూరో సినిమా అది, సొంత డబ్బులు, చింతపల్లి అడవుల్లో అంతమందిని పెట్టి తియ్యడం... సరే, ఒప్పుకున్నా. కానీ దాని తర్వాత ఏమైంది? వరసగా ఫ్లాపులే కదా, పాడిపంటలు వచ్చేదాకా.

బుర్రిపాలెం_పక్కూరోణ్ణి
అదేగా కథ. అల్లూరి చూశాక విజయా చక్రపాణి గారు "ఇంక కొన్నాళ్ళు నిన్ను మామూలు వేషాల్లో జనం చూడరు" అన్నారని చెప్పుకుంటారు. అదే జరిగింది. 76 సంక్రాంతికి పాడిపంటలు సొంతంగా తీసుకుని రైతు వేషం వేస్తే మళ్ళీ లేచాడు. మా నాన్న చెప్పేవాడు, ఆ సినిమాకి ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్ళారు అని.

కరీంనగర్_మల్లన్న
గుంటూరోళ్ళే మాట్లాడుతున్రు, మేం లేమా ఏంది. మా దిక్కు కృష్ణ సినిమా అంటే పెద్దగా మీటింగులు సంఘాలు లేకుండె గని జనం మస్తు జూసేటోళ్ళు. మా నాయిన సింగరేణిల పని జేసేటోడు, షిఫ్టు దిగి సీదా టాకీసుకే వోతుండె, సినిమా పేరు గూడ అడగకపోతుండె, కిష్ణదా అని అడుగుతుండె గంతే. కృష్ణ గూడ మూడు షిఫ్టులు పని జేసిండు కదా, పొద్దుగాల ఒక సినిమా పగటీలి ఒకటి రాత్రి ఇంకోటి. 72 ల ఒక్క సంవత్సరమే 18 సినిమాలు రిలీజ్ అయినయ్ అంటరు. మా నాయినకు గందుకే నచ్చిండేమో, పనిమంతుడు అని.

కొత్తకుర్రోడు_99
18 ఆ??? ఇప్పుడు మా మహేష్ అన్న 3 ఏళ్ళకి ఒకటి చేస్తున్నాడు 😭

నేలటికెట్_నాని
అందులో అన్నీ గొప్పవి కాదు తమ్ముడూ, సగం నేను ఇప్పుడు చూడలేను. కానీ అదే 72 లో పండంటి కాపురం ఉంది, జాతీయ అవార్డుల్లో తెలుగు ఉత్తమ చిత్రం అదే. 
ప్రొడ్యూసర్ నష్టపోతే పిలిచి ఇంకో సినిమాకి డేట్లు ఇచ్చేవాడు, బాకీ డబ్బులు అడిగేవాడు కాదు అని ఆ రోజుల్లో పనిచేసిన ఎవర్ని అడిగినా ముందు చెప్పే మాట ఇదే. ఇవ్వాళ టీవీల్లో మాట్లాడుతున్న ముసలి ప్రొడ్యూసర్లని చూడండి, ఎవరూ ఆయన నటన గురించి మాట్లాడట్లేదు, అందరూ ఆ డేట్ల గురించే చెప్పి ఏడుస్తున్నారు.

న్యూజెర్సీ_చిట్టిబాబు
మొదట్లో గూఢచారి 116 ఎలా వచ్చిందో తెలుసా ఎవరికైనా? తేనెమనసులు 65 లో ఆదుర్తి సుబ్బారావు గారు అంతా కొత్తవాళ్ళతో తీశారు, కలర్ లో. డిస్ట్రిబ్యూటర్లు ఈ కుర్రోడు బాలేదు మార్చండి అంటే ఆదుర్తి వినలేదు. అందులో ఒక చేజ్ సీను ఉంది, స్కూటర్ మీద వెళ్తూ కారుని పట్టుకునేది, డూప్ లేకుండా చేశాడు. అది చూసి ప్రొడ్యూసర్ డూండీ గారు మన జేమ్స్ బాండ్ దొరికాడు అని గూఢచారికి బుక్ చేశారు. ఆ గూఢచారిలో హీరోయిన్ జయలలిత. మా ఆవిడ తమిళమ్మాయి, ఈ సంగతి చెప్తే సాయంత్రమంతా యూట్యూబ్ లో అదే చూసింది, కృష్ణని కాదు, జయలలితని.

మోడరేటర్
రాజకీయాల మీద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. ఇద్దరు వెళ్ళిపోయిన మనుషుల పాత గొడవలు ఇప్పుడు ఇక్కడ వద్దు. సినిమా వరకూ ఉంచండి.

ఎన్టీవోడి_తాలూకా
మోడరేటర్ గారూ, అందులో ఒకటి నాది. సినిమా వరకూ అంటే ఇది సినిమా సంగతే కదా? 86 లో నా పిలుపే ప్రభంజనం లో మా ప్రభుత్వాన్ని ఎంత ఏకారో మేం మర్చిపోలేదు. విచిత్రం ఏంటంటే అదే మనిషి 82 చివర్లో ఈనాడు అని తన 200వ సినిమా తీశాడు, కుళ్ళు రాజకీయాల మీద, పరుచూరి వాళ్ళ డైలాగులు, ఎన్నికలకి సుమారు మూడు వారాల ముందు. అది తెలుగుదేశానికి ఎంత ప్రచారం చేసి పెట్టిందో! మా ఊళ్ళో ఆ సినిమాకి మేమే దగ్గరుండి జనాన్ని తోలుకెళ్ళాం. కృష్ణ సినిమాకి ఎన్టీఆర్ ఫ్యాన్స్ టికెట్లు కొనిపెట్టిన చరిత్ర మాది.

సుజాత_కూకట్‌పల్లి
😀😀 ఇది బావుంది.
విజయనిర్మల గారి పేరు ఎవరూ ఎత్తట్లేదేంటి. 2019 లో ఆవిడ పోయినప్పటి నుంచీ ఆయన బయట కనపడటమే తగ్గించేశారు. 44 సినిమాలు డైరెక్ట్ చేసి గిన్నిస్ కి ఎక్కిన మనిషి, అందులో చాలావాటికి హీరో ఈయనే. యద్దనపూడి నవలతో మీనా 73 లో. ఇంటి ఆవిడ డైరెక్టరు, తను సూపర్‌స్టార్, అయినా సెట్లో ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెయ్యడం ఆ కాలంలో ఎంతమంది మగాళ్ళకి చేతనైంది? దేవదాసు కూడా తీశారు 74 లో, అక్కినేని గారి దేవదాసుని మనసులో పెట్టుకుని జనం తిప్పికొట్టారు. అది తియ్యకుండా ఉండాల్సింది అని నేనూ అంటాను. తెగింపు అన్ని చోట్లా పనిచెయ్యదు.

పాటల_పెట్టి
సింహాసనం మర్చిపోయారు అందరూ. 86, తెలుగులో మొదటి 70 ఎంఎం, ఆరు ట్రాకుల స్టీరియో సౌండ్, డైరెక్షన్ కూడా కృష్ణ గారే, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి గారు, మోసగాళ్లకు మోసగాడు, అల్లూరి కూడా ఆయనవే. హిందీలో జితేంద్రతో సింఘాసన్ అని పక్కనే తీశారు. సంగీతం బప్పీలహిరి! రాజుల సినిమాకి డిస్కో ఆయన్ని తెచ్చి పెట్టడం, ఎవరికి తట్టుద్ది ఆ ఆలోచన. ఆకాశంలో ఒక తార పాట ఎక్కడ విన్నా కాలు ఆగదు ఇప్పటికీ.
అప్పుడు బాలు గారికీ ఈయనకీ మాటల్లేవు, అందుకే రాజ్ సీతారామ్ పాడాడు. తర్వాత కలిసిపోయారు లెండి. ఆ మూడు నాలుగేళ్ళ కృష్ణ పాటలు వేరే రుచి, నాకు ఇష్టమే, మా ఇంట్లో మాత్రం ఒప్పుకోరు.

రీలుపెట్టె
70 ఎంఎం ఉన్న హాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు ఆ రోజుల్లో. మిగతా అందరికీ 35 ఎంఎం ప్రింటే. మా కుర్రాళ్ళు ఆ సౌండు కోసం బస్సెక్కి టౌనుకెళ్ళి చూసి, మళ్ళీ మా హాల్లో వేసినప్పుడు వచ్చి "ఇది కాదు బాబూ సినిమా, గుర్రం ఎడం పక్క నుంచి కుడి పక్కకి పరిగెడితే డెక్కల చప్పుడు కూడా అలా వెళ్ళాలి" అని మామని తిట్టేవాళ్ళు. మామకి ఒక్కటే స్పీకరు, తెర వెనకాల. ఆయన ఏం చేస్తాడు.

కరీంనగర్_మల్లన్న
హిందీ ముచ్చట వచ్చింది గాబట్టి, హిమ్మత్‌వాలా గూడ పద్మాలయా వాళ్ళదే. ఊరికి మొనగాడు కృష్ణ జేసిండు, గదే హిందీల జితేంద్ర, శ్రీదేవి. హైదరబాద్ల మా దోస్తులు హిమ్మత్‌వాలా పాటలు పాడుతుంటే అరే ఇది మా కిష్ణదిరా అని లొల్లి వెట్టేటోన్ని. నమ్మకపోతుండ్రి.

కొత్తకుర్రోడు_99 (16 నవంబర్ 2022, రాత్రి)
పద్మాలయా స్టూడియో దగ్గర క్యూలో నిలబడి చూసొచ్చాను. నేను మహేష్ అన్న కోసం వెళ్ళాను, అబద్ధం ఎందుకు. క్యూలో నా ముందు ఒక పెద్దాయన, డెబ్భై ఉంటాయి, తెల్ల పంచె, ఒంగోలు దగ్గర ఏదో ఊరంట, రాత్రి బస్సెక్కి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఒక పాత సినిమా పాటల పుస్తకం, అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంది. లోపలికి తీసుకెళ్ళనిస్తారా అని నన్ను నాలుగైదు సార్లు అడిగాడు. పోలీసాయన చూసి ఏమీ అనలేదు, పొమ్మన్నాడు. అద్దం దగ్గర ఆగనివ్వరు కదా, నడుస్తూ పోవాలి, ఈయన నడుస్తూనే ఆ పుస్తకం చూపించాడు, లోపల పడుకున్నాయనకి చూపించినట్టు. బయటికొచ్చాక టీ తాగుదాం తాతా అంటే వద్దు బస్సు టైమ్ అయిపోద్ది అని వెళ్ళిపోయాడు. మహాప్రస్థానంలో ప్రభుత్వ లాంఛనాలు, తుపాకులు పేల్చడం అవన్నీ టీవీలో చూశాను.
ఇప్పటిదాకా ఆయనవి నేను చూసింది నంబర్ వన్, వారసుడు, మా అన్న చిన్నప్పటి కొడుకు దిద్దిన కాపురం, అంతే. ఏది ముందు చూడాలో చెప్పండి, ఒక లిస్టు ఇవ్వండి.

నేలటికెట్_నాని
లిస్టు ఎందుకు తమ్ముడూ, సాక్షి చూడు, తర్వాత అల్లూరి, ఆ తర్వాత మోసగాళ్లకు మోసగాడు. మొదటిది ఫోన్లో చూసినా పర్లేదు, అల్లూరి మాత్రం ఫోన్లో చూడకు, రీలుపెట్టె గారి మామ శపిస్తాడు.

ఎన్టీవోడి_తాలూకా (23 డిసెంబర్ 2022)
ఈ థ్రెడ్ ని మళ్ళీ పైకి తేవాల్సి వచ్చింది. కైకాల సత్యనారాయణ గారు పోయారు ఇవ్వాళ. సెప్టెంబర్లో కృష్ణంరాజు గారు, నవంబర్లో కృష్ణ గారు, ఇప్పుడు ఈయన. కురుక్షేత్రంలో కర్ణుడు కృష్ణంరాజు గారూ, అర్జునుడు కృష్ణ గారూ ఇద్దరూ రెండు నెలల తేడాలో పోయారు, శోభన్ బాబు గారు కృష్ణుడు, ఆయన 2008 లోనే పోయాడు. నేను ఆ సినిమాని 77 లో చూడనే లేదు, పంతం. మొన్న కూర్చుని చూశాను. అంత చెత్తగా ఏం లేదు.

నేలటికెట్_నాని
అన్నా, ఆ ఆఖరి ముక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

న్యూజెర్సీ_చిట్టిబాబు
నేనూ 😀

కొత్తకుర్రోడు_99 (31 మే 2023)
బాబాయిలూ అక్కలూ, మోసగాళ్లకు మోసగాడు ఫోర్‌కే లో రీరిలీజ్, ఆయన పుట్టినరోజుకి, చూసొచ్చా. నిజం చెప్తున్నా, కామెడీ కొంచెం లాగింది, పాటల్లో మేం కుర్రాళ్ళం నవ్వుకున్నాం, ఫైట్లలో గుద్దు తగలకుండానే పడిపోతున్నారు. కానీ ఆ ఎడారి చూసి మాత్రం మతి పోయింది. సీజీ లేదు, డ్రోన్ లేదు, ఎండ నిజం, దుమ్ము నిజం, గుర్రం మీద దూకేది నిజం మనిషి. నా పక్కన కూర్చున్న వాడు ఇంటర్వెల్లో "ఒరేయ్ ఇది 71 ఏంట్రా" అని ఫోన్ తీసి చెక్ చేసుకున్నాడు. హాలు నిండింది, పేపర్లు, విజిల్స్, వెనక వరసలో అందరూ యాభై పైబడినవాళ్ళు, మా కన్నా వాళ్ళ గోలే ఎక్కువ.

సుజాత_కూకట్‌పల్లి
మా ఆయన ఆ వెనక వరసలోనే ఉన్నారు, గొంతు పోయి కషాయం తాగుతున్నారు ఇప్పుడు.

రీలుపెట్టె
నెక్స్ట్ ఏది వేస్తే బాగుంటుందంటారు? నా ఓటు అల్లూరికే, పెద్ద తెర మీద.

పాటల_పెట్టి
సింహాసనం. సౌండు కోసం.

సుజాత_కూకట్‌పల్లి
సాక్షి. ఎవరూ రారని తెలుసు, అయినా సాక్షి.

ఎన్టీవోడి_తాలూకా
దేవుడు చేసిన మనుషులు వెయ్యమనండి. 73, పద్మాలయా వాళ్ళ సొంత సినిమానే, పెద్దాయనా కృష్ణ గారూ ఇద్దరూ ఉంటారు, నేను కూడా వస్తా, గొడవ ఉండదు.

నేలటికెట్_నాని
గొడవ ఉండదా? ఎవరి ఎంట్రీకి ఎక్కువ పేపర్లు ఎగరేశారో లెక్కపెట్టడానికి మళ్ళీ ఇంకో థ్రెడ్ తియ్యాలి అన్నా. నువ్వు టికెట్లు బుక్ చెయ్యి, నేను పేపర్లు చింపి రెడీగా ఉంచుతా.